స్టేడియం కప్పుకు రెండో లెక్క

2009 జూన్ 2, మంగళవారం. మలేసియా తూర్పు తీరాన, దక్షిణ చైనా సముద్రం ఒడ్డున ఉన్న తెరెంగాను రాష్ట్రంలో సుల్తాన్ మిజాన్ జైనల్ ఆబిదీన్ స్టేడియం పైకప్పులో పెద్ద భాగం ఉదయం పూట ఒక్కసారిగా కూలిపోయింది. 50 వేల మంది కూర్చుని ఆట చూసే స్టేడియం అది. రాష్ట్ర రాజధాని క్వాలా తెరెంగానుకు దగ్గరలో గోంగ్ బదాక్ అనే చోట కట్టారు. మలేసియా రాష్ట్రాల మధ్య జరిగే క్రీడాపోటీల కోసం, అక్కడివాళ్ళు సుక్మా అని పిలిచే ఉత్సవం కోసం, 2008 మే నెలలో దాన్ని తెరిచారు. అంటే తెరిచి ఏడాది దాటిందో లేదో కప్పు నేలకు వచ్చింది. ఆ ఉదయం ప్రాణనష్టం జరగలేదు. అదే ఒక మ్యాచ్ సాయంత్రం అయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా మనసు రాదు.

ఈ సంఘటన మన చెవిన పడవలసినంతగా పడలేదు. మలేసియా మనకు కొత్త దేశం కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి మన వాళ్ళు తరాల కిందటే ఓడలెక్కి వెళ్ళి అక్కడి రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో చెమటోడ్చారు. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో ప్రాంతంలో నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. 1955లోనే అక్కడి తెలుగువాళ్ళు సంఘం పెట్టుకున్నారు. ఆ దేశంలో కూలిన కప్పు మన రెండు తెలుగు రాష్ట్రాలకు నేర్పే పాఠం ఒకటుంది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందుగా స్టేడియం నిర్మాణంలో ఏది సులువో, ఏది కష్టమో చూద్దాం.

ప్రేక్షకులు కూర్చునే మెట్ల వరసలు, వాటి కింద ఏటవాలుగా సాగే కాంక్రీటు దూలాలు, ఆ దూలాలను మోసే స్తంభాలు, పునాదులు. ఇవన్నీ బరువైన పనులే అయినా ఇంజినీర్లకు బాగా అలవాటైనవి. కిక్కిరిసిన జనం చదరపు మీటరుకు సుమారు 500 కిలోల బరువు అవుతారని లెక్క కడతారు. జనం ఊరికే కూర్చోరు కదా. గోల్ పడితే, సిక్సర్ కొడితే అందరూ ఒకే లయలో గెంతుతారు. సెకనుకు రెండు మూడు సార్లు పడే ఆ అడుగుల తాళం, మెట్లకున్న సహజమైన ఊగుడుతో కలిస్తే నిర్మాణం మొత్తం అదరడం మొదలవుతుంది. అందుకే దూలాలను బరువుకు తట్టుకునేట్టుగానే కాక ఊగకుండా బిగువుగా కూడా ఉండేట్టు గీస్తారు.

కప్పు సంగతి వేరు. దాని కింద జనం నిలబడరు, దాని మీద సామాను పెట్టరు. అది మోయవలసింది దాదాపు తన బరువును, వానను, గాలిని మాత్రమే. అయినా స్టేడియంలో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం అదే. కారణం, ప్రేక్షకుడికి, మైదానానికి మధ్య ఒక్క స్తంభం కూడా అడ్డు రాకూడదు. ఆధారాలన్నీ వెనక్కో, రెండు చివరలకో వెళ్ళిపోవాలి. మధ్యలో అంత దూరం కప్పు తనంతట తాను నిలబడాలి. దూరం రెట్టింపైతే కప్పు మీద వంపు బలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. అందుకని కప్పు తేలిగ్గా ఉండాలి. తేలిగ్గా ఉండాలంటే సన్నని ఉక్కుతో కట్టాలి. సన్నని ఉక్కుతోనే అసలు చిక్కు.

ఒక చీపురుపుల్లను రెండు చేతులతో పట్టుకుని లాగండి. ఎంత లాగినా అంత తొందరగా తెగదు. అదే పుల్లను రెండు కొసల నుంచి లోపలికి నొక్కండి. చిటికెలో పక్కకు వంగిపోతుంది. పుల్లలో బలం తగ్గలేదు, మీరు నొక్కిన తీరు మారింది, అంతే. ఉక్కు గొట్టమైనా ఇంతే. లాగుడుకు గట్టిగా నిలుస్తుంది. నొక్కుడుకు వస్తే, ఉక్కు తన పూర్తి బలానికి చేరకముందే పక్కకు వంగి చేతులెత్తేస్తుంది. ఇంజినీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. పగుళ్ళు విచ్చి ముందుగా హెచ్చరించే గుణం కాంక్రీటులో కొంత ఉంది. బక్లింగ్ అలాంటి గడువు ఇవ్వదు.

తెరెంగాను స్టేడియం కప్పు స్పేస్ ఫ్రేమ్ పద్ధతిలో కట్టినది. వందల, వేల ఉక్కు గొట్టాలను పైన ఒక పొర, కింద ఒక పొరగా పరిచి, మధ్యలో ఏటవాలు గొట్టాలతో కలిపి, ప్రతి కూడలి దగ్గర ఒక నోడ్‌కు బిగిస్తారు. చూడడానికి చాలా అందంగా, తేలిగ్గా ఉంటుంది. ప్రతి గొట్టం పక్క గొట్టంతో బరువు పంచుకుంటుంది. ఆ పంచుకోవడమే దాని బలం. అయితే ఒక గొట్టం వంగిపోయినప్పుడు దాని వాటా బరువు పక్కదాని మీద పడుతుంది. అది కూడా అప్పటికే అంచున ఉంటే అదీ వంగుతుంది. అక్కడి నుంచి వరస పెట్టి కప్పంతా క్షణాల్లో కూలుతుంది.

ఈ తెరెంగాను ప్రమాదం మీద విచారణ సంఘాన్ని వేశారు. ఆ సంఘం చెప్పిన కారణాలు ఒక్కొక్కటీ మన ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పదగ్గవి.

మొదటి కారణం డిజైన్‌లోనే ఉంది. కప్పు ఏ ఆధారాల మీద కూర్చుంటుందో, ఆ ఆధారాలు నిజంగా ఎలా ప్రవర్తిస్తాయో డిజైనర్లు పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. ఇది చిన్న విషయంలా వినిపిస్తుంది. కంప్యూటర్‌లో కప్పు నమూనా గీసేటప్పుడు కాళ్ళ దగ్గర ‘కదలదు’ అని ఒక గుర్తు పెడతాం. వంపు తిరిగిన కప్పు మాత్రం తన కాళ్ళను ఎప్పుడూ బయటికి తంతూ ఉంటుంది. కింద ఉన్న స్తంభం ఆ తాపుకు కొన్ని మిల్లీమీటర్లు జరిగినా కప్పు మధ్యలో కుంగుతుంది, వంపు చదునవుతుంది. వంపు చదునైన కొద్దీ బయటికి తన్నే బలం ఇంకా పెరుగుతుంది. కాగితం మీద కదలని కాలు నేల మీద కదిలితే, గొట్టాల్లోని బలాల లెక్క మొత్తం తప్పిపోతుంది.

రెండో కారణం దీన్ని అంటుకునే ఉంది. అంత పొడవైన, అంత సంక్లిష్టమైన కప్పుకు మామూలు విశ్లేషణ సరిపోదు. మామూలు లెక్కలో నిర్మాణం వంగకముందు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారానికే బలాలు కడతాం. ఇళ్ళకు, ఆఫీసులకు అది చాలు. సన్నని పొడుగాటి కప్పుకు మాత్రం బరువు పడి కొంచెం వంగాక, ఆ వంగిన ఆకారంలో మళ్ళీ లెక్క కట్టాలి. ఆ లెక్కలో వచ్చిన కొత్త వంపుకు మళ్ళీ కట్టాలి. ఇలా కప్పు ఒక చోట నిలకడకు వచ్చేదాకా, లేదా నిలకడే లేదని తేలేదాకా సాగాలి. దీన్ని సెకండ్ ఆర్డర్ విశ్లేషణ అంటారు. తెరెంగానులో ఇది జరగవలసినట్టు జరగలేదని విచారణలో తేలింది.

మూడో కారణం సైటులో ఉంది. కప్పును ఎత్తి నిలబెట్టేటప్పుడు పని సరిగ్గా జరగక, డ్రాయింగులో ఉన్న ఆకారానికి, నిలబడిన ఆకారానికి తేడా వచ్చింది. వంపు తిరిగిన కప్పుకు ఆకారమే ప్రాణం. మామూలు గదిలో దూలం రెండు అంగుళాలు ఎత్తు తగ్గితే చూపుకు బాగుండదు, అంతే. ఇలాంటి కప్పులో అదే తేడా కొన్ని గొట్టాల మీద, ఎవరూ లెక్క కట్టని బలాన్ని మోపుతుంది.

నాలుగోది సామాను, పనితనం. వాడిన సరుకులో, చేసిన పనిలో చెప్పుకున్న ప్రమాణాలకు తగ్గినవి ఉన్నాయని సంఘం చెప్పింది. సైటులో క్వాలిటీ కంట్రోల్ కూడా ఉండవలసినంతగా లేదని తేల్చింది.

శ్రోతలు ఒక సంగతి గమనించాలి. ఈ నాలుగూ ఒకే చేతి తప్పులు కావు. డిజైన్ చేసినవాళ్ళు, నిలబెట్టినవాళ్ళు, సరుకు తెచ్చినవాళ్ళు, తనిఖీ చేయవలసినవాళ్ళు, అందరి దగ్గరా తలా కొంత లోటు ఉంది. ఎవరో ఒకరు గట్టిగా ఆపి ఉంటే మిగతా లోట్లు ఉన్నా కప్పు నిలబడి ఉండేదేమో. ఆపే మనిషి ఏ మెట్టు దగ్గరా లేకపోయాడు.

కథ అక్కడితో అయిపోలేదు. 2013 ఫిబ్రవరి 20న, అదే స్టేడియంలో విప్పే పనులు సాగుతుండగా ఉక్కు నిర్మాణం మరోసారి కూలింది. ఈసారి అక్కడ పని చేస్తున్న కూలీలు గాయపడ్డారు. కట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో విప్పేటప్పుడూ అంతే కావాలి. ఒక గొట్టం విప్పగానే బలాలన్నీ కొత్త దారులు వెతుక్కుంటాయి. ఏది ముందు విప్పాలి, దాని కింద ఏ ఆసరా పెట్టాలి అన్నదానికి కూడా ఒక డిజైన్ ఉండాలి.

ఇలాంటి కప్పు కూలడం ప్రపంచంలో అదే మొదటిసారి కాదు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక పెద్ద ఇండోర్ స్టేడియం ఉండేది. దానిదీ స్పేస్ ఫ్రేమ్ కప్పే. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు అది మొత్తంగా లోపలికి కూలింది. అంతకు కొన్ని గంటల ముందే అక్కడ బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. సుమారు 5 వేల మంది చూసి ఇళ్ళకు వెళ్ళారు. తర్వాత విచారించగా, నొక్కుడు పడే కడ్డీలు పక్కకు వంగకుండా ఇవ్వవలసిన ఆసరా సరిపోలేదని తేలింది. కట్టేటప్పుడే ఆ కప్పు, లెక్కలో చెప్పిన దానికి దాదాపు రెండింతలు కుంగింది. సైటులో ఉన్నవాళ్ళు చూసి చెప్పారు కూడా. కంప్యూటర్ లెక్క సరిగ్గానే ఉందన్న నమ్మకంతో ఆ మాటను పక్కన పెట్టారు. కంటికి కనబడుతున్న కుంగుడు కంటే కాగితం మీది అంకెను ఎక్కువగా నమ్మారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు తెరెంగానులో మళ్ళీ లెక్క దగ్గరే దెబ్బ తగిలింది.

మరి మలేసియాలో మంచి స్టేడియాలు లేవా? ఉన్నాయి, గర్వంగా చెప్పుకోదగ్గవి ఉన్నాయి.

కౌలాలంపూర్‌లోని మెర్డెకా స్టేడియం అలాంటిది. 1957 ఆగస్టు 31న అక్కడే తుంకు అబ్దుల్ రహమాన్ మలయా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. చెయ్యెత్తి ఏడుసార్లు ‘మెర్డెకా’ అని నినదించారు. ఆ స్టేడియాన్ని ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో పని చేసిన స్టాన్లీ జ్యూక్స్ అనే ఇంజినీరు రూపొందించారు. ఏడాది లోపు పూర్తి కావాలి, డబ్బు తక్కువ, దేశం కొత్తది. ఆయన ఆడంబరానికి పోలేదు. మెట్ల వరసలను చాలావరకు మట్టి వాలు మీదనే కూర్చోబెట్టారు. ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలను వాడారు. కప్పు అవసరమైన చోట పలుచటి కాంక్రీటు పెంకులతో తేల్చారు. తన చేతిలో ఉన్న కాలానికి, డబ్బుకు, పనివాళ్ళ నైపుణ్యానికి సరిపోయే నిర్మాణాన్నే ఎంచుకున్నారు. ఆ విజ్ఞతే ఆ స్టేడియాన్ని నిలబెట్టింది. దాన్ని 1957 నాటి రూపానికి తెచ్చిన పునరుద్ధరణకు 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

రెండోది బుకిట్ జలీల్ జాతీయ స్టేడియం. 1998 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టారు. మన పుల్లెల గోపీచంద్ పతకాలు తెచ్చిన క్రీడలవి. 85 వేలకు పైగా జనం పట్టే ఆ స్టేడియం కప్పు చూడవలసినది. జర్మనీకి చెందిన ష్లైష్ బెర్గర్‌మాన్ సంస్థ ఇంజినీర్లు దాని నిర్మాణంలో పాలు పంచుకున్నారు. అక్కడ బయటి అంచున ఒక పెద్ద ఉక్కు వలయం ఉంటుంది. లోపలి అంచున, మైదానం మీది ఆకాశం చుట్టూ, తీగల వలయం ఉంటుంది. రెంటినీ కలుపుతూ ఉక్కు తీగలు బిగించి, వాటి మీద పలుచటి పొర పరిచారు. తీగలన్నీ లాగుడులోనే ఉంటాయి. నొక్కుడు చాలావరకు బయటి వలయం ఒక్కదానికే పోతుంది కాబట్టి దాన్ని దిట్టంగా చేశారు. సన్నని ఉక్కుకు లాగుడు పని, దిట్టమైన ఉక్కుకు నొక్కుడు పని ఇచ్చారన్నమాట. పైగా లోపలికి లాగే బలాలు, ఆ వలయంలోనే ఒకదాన్నొకటి తూచుకుంటాయి. కింది స్తంభాల మీద బయటికి తన్నే భారం చాలా తగ్గిపోతుంది. తెరెంగాను కప్పును దెబ్బతీసిన చిక్కును ఇక్కడ నిర్మాణ రూపంలోనే ముందుగా తప్పించారు.

మూడోది షా ఆలమ్ స్టేడియం. 1994లో తెరిచారు. 80 వేల మంది పట్టేది. పెద్ద కమానుల కప్పుతో ఆ రోజుల్లో ఆసియాలో పేరు మోసింది. అది కూలలేదు. మరమ్మతులు వెనకబడి, కప్పు పాడై, 2020లో మూతపడింది. 2024లో పడగొట్టడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళే దాని ఆయుష్షు. ఉష్ణమండలంలో ఎండ, వాన, ఉప్పుగాలి కప్పు రేకులను, బోల్టులను రోజూ తింటూనే ఉంటాయి. కట్టే రోజున మరమ్మతుకు డబ్బు పక్కన పెట్టని స్టేడియానికి ఆ రోజునే గడువు రాసి పెట్టినట్టు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2019 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలో ఈదురుగాలికి ఫ్లడ్‌లైట్ స్తంభం కూలి ఒక మనిషి ప్రాణం పోయింది. వేసవిలో వచ్చే గాలివాన మనకు కొత్త కాదు, ప్రతి ఏడూ వచ్చేదే. మలేసియా ప్రమాణాల్లో డిజైన్‌కు తీసుకునే మూల గాలివేగం సెకనుకు 33.5 మీటర్లు, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లు. మన భారత ప్రమాణాల్లో హైదరాబాద్‌కు 44 మీటర్లు. విశాఖపట్నానికి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. కాబట్టి కౌలాలంపూర్ మీద వీచే డిజైన్ గాలి కంటే విశాఖ మీద వీచే డిజైన్ గాలి ఒత్తిడి రెండింతలకు మించి ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ ఊరికి ఏమి చేసిందో మీకు గుర్తుంది. పైగా స్టేడియం కప్పును గాలి కిందికి నొక్కడమే కాదు, పైకి కూడా లాగుతుంది. అప్పుడు లాగుడు పడే గొట్టాలకు నొక్కుడు పడుతుంది. ఎక్కడో బాగుందని ఫోటోలో చూసిన కప్పును మన తీరం మీద దించుకోవడం కుదరదు. ఇక్కడి గాలికి, ఇక్కడి నేలకు, ఇక్కడ దొరికే వెల్డర్ల నైపుణ్యానికి తగ్గట్టు మొదటి నుంచీ లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్కను మరొకరు మళ్ళీ కట్టాలి. నేను నొక్కి చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే.

మలేసియా పొరుగునే ఉన్న సింగపూర్‌ను చూడండి. 1986 మార్చి 15న అక్కడ హోటల్ న్యూ వరల్డ్ అనే ఆరంతస్తుల భవనం కూలి 33 మంది చనిపోయారు. భవనం మోయవలసిన సొంత బరువునే లెక్కలో వదిలేశారని విచారణలో బయటపడింది. ఆ తర్వాత 1989లో తెచ్చిన చట్టంతో డిజైన్‌ను స్వతంత్ర ఇంజినీరు పరిశీలించే ఏర్పాటు చేశారు. ముఖ్యమైన నిర్మాణాలకు ఒకరు డిజైన్ చేస్తే, ప్రభుత్వ గుర్తింపు పొందిన మరో ఇంజినీరు దాన్ని సొంతంగా పరిశీలించి సంతకం పెట్టాలి.

మన దగ్గర కూడా పెద్ద పనులకు ఐ.ఐ.టి.కో, ఎన్.ఐ.టి.కో డ్రాయింగులు పంపి వెట్టింగ్, అంటే పరిశీలన, చేయించే అలవాటు ఉంది. మంచిదే. దాన్ని మొక్కుబడి సంతకంగా మిగలనీయకూడదు. రెండో ఇంజినీరు మొదటివారి కంప్యూటర్ ఫైలు తెరిచి అంకెలు సరిచూస్తే చాలదు. ఆ ఫైలులో ఆధారం ‘కదలదు’ అని ఉంటే, ఈయనకూ కదలనట్టే కనిపిస్తుంది. ఆయన డ్రాయింగులు మాత్రమే తీసుకుని, తన నమూనాను తాను మొదటి నుంచీ కట్టుకోవాలి. ఆధారాల సంగతి తానే తేల్చుకోవాలి. సెకండ్ ఆర్డర్ విశ్లేషణ తానే చేయాలి. ఆయన ఫీజును కాంట్రాక్టరు కాకుండా, స్టేడియం ఎవరిదో ఆ శాఖే నేరుగా చెల్లించాలి. కప్పు నిలబెట్టాక, కింది ఆసరాలు తీయకముందే ప్రతి ముఖ్యమైన నోడ్ ఎత్తును సర్వే పరికరంతో కొలవాలి. ఆసరాలు తీశాక మళ్ళీ కొలవాలి. ఎంత కుంగింది, ఎంత కుంగాలి అన్న రెండు అంకెలను పక్కపక్కన రాసి ఇద్దరు ఇంజినీర్లూ సంతకం చేయాలి. తేడా వస్తే పని ఆగాలి. ప్రారంభోత్సవం తేదీ ఎంత దగ్గరలో ఉన్నా సరే, ఆగాలి. హార్ట్‌ఫర్డ్‌లో ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ కప్పు దక్కేది.

దీనికయ్యే ఖర్చు స్టేడియం ఖర్చులో చాలా చిన్న వంతు. కూలిన కప్పును తీసి మళ్ళీ కట్టే ఖర్చుతో పోల్చడానికైనా పనికిరానంత చిన్నది. ప్రాణాల సంగతి లెక్కలోకి తీసుకుంటే ఇక చెప్పేదేముంది.

ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒక మాట. మీ సాఫ్ట్‌వేర్ తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చిందని తృప్తి పడకండి. ఆధారం దగ్గర మీరు పెట్టిన ఆ చిన్న గుర్తు నేల మీద నిజమేనా అని ఒక్కసారి సైటుకు వెళ్ళి చూడండి. మేస్త్రీ వచ్చి ‘సార్, ఇది కుంగుతోంది’ అంటే ఆ మాట వినండి. ఆయన చూసింది మీ లెక్కలో లేకపోతే, సరిచూసుకోవలసింది మీ లెక్కనే.

శ్రోతలందరికీ నా మనవి. మీ జిల్లాలో కొత్త స్టేడియానికి శంకుస్థాపన జరిగితే, ఎన్ని వేల సీట్లు అని అడగడంతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. కప్పు లెక్కను రెండోసారి వేసిన ఇంజినీరు ఎవరు? ఏటా కప్పును తనిఖీ చేయడానికి ఎంత డబ్బు కేటాయించారు? సమాచార హక్కు చట్టం కింద ఈ రెంటికీ జవాబు కోరే హక్కు మీలో ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ హక్కును వాడుకోండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా వదలకండి.